పిల్లలు చేరని క్రీడాంగణం

దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గు నగరానికి నైరుతి మూలన సొవేటో అనే పెద్ద జనావాసం ఉన్నది. 'నైరుతి దిక్కు టౌన్‌షిప్పులు' అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలను కూర్చి 1963లో దానికి ఆ పేరు పెట్టారు. దిక్కు తప్ప వేరే పేరు దక్కని ఊరన్నమాట. టౌన్‌షిప్పు అనగానే మనకు కర్మాగారం చెంత ఉద్యోగుల కోసం తీర్చిన కాలనీ స్ఫురిస్తుంది. అక్కడ అర్థం వేరు. నల్లవారు నగరంలో పని చేయవచ్చును గాని తెల్లవారి సరసన కాపురముండరాదని దూరంగా వెలయించిన వాడలకు ఆ పేరు.

అట్టి వాడలలో ఆర్లాండో ఒకటి. 1937లో అక్కడి బాలుర క్లబ్బుకు చెందిన కుర్రవాళ్లు ఒక ఫుట్‌బాల్ జట్టు కూర్చుకున్నారు. తొలినాళ్లలో వారు ఆడినది వట్టి కాళ్లతోనే. ఆ జట్టుకు స్థిరపడిన పేరు 'ఆర్లాండో పైరేట్స్' — ఓడదొంగలు! సముద్రం అక్కడికి వందల మైళ్ల దూరం. పేదపిల్లల ఊహకు దూరభారం లేదు కాబోలు. 1959లో ఆ వాడలో 24,000 మంది పట్టే క్రీడాంగణం వెలసింది. 1970లో ఆ జట్టులోని మేటి ఆటగాడు కైజర్ మొటాంగ్ వేరుపడి 'కైజర్ చీఫ్స్' అనే మరొక జట్టు స్థాపించాడు. నాటి నుండి ఒకే ఇంట అన్నది ఒక పక్షం, తమ్మునిది మరొక పక్షం.

అయితే ఆ క్రీడాంగణం చరిత్రకెక్కినది ఆట వలన కాదు, బడి వలన. 1974లో ప్రభుత్వం నల్లవారి బడులకు ఒక ఉత్తరువు పంపింది. లెక్కలు, సాంఘికశాస్త్రం ఆఫ్రికాన్స్ భాషలో బోధించాలి, సామాన్యశాస్త్రం ఇంగ్లీషులో, మతబోధ, సంగీతం, వ్యాయామం మాత్రం పిల్లల సొంత భాషలో. ఈ పంపకాన్ని ఉపాధ్యాయులు ఒక్కమారు నిదానించి చూడవలెను. బుద్ధికి పదును పెట్టే పాఠాలకు తల్లిభాష పనికిరాదట; పాటకూ కసరత్తుకూ సరిపోతుందట! పోనీ, ఆ లెక్కలు చెప్పవలసిన పంతుళ్లకైనా ఆఫ్రికాన్స్ వచ్చునా అంటే, పలువురికి సరిగా రాదు.

ఆ పిల్లలు మాతృభాష కోసం పోరాడారని అనుకోవడం పొరపాటు. వారు జూలూలోనో సోతోలోనో లెక్కలు చెప్పమని అడగలేదు. ఇంగ్లీషే మేలన్నారు. ఆఫ్రికాన్స్ పోలీసుల భాష, అనుమతి చీటీలు తనిఖీ చేసే కచేరీ భాష. భాషకు పాపం లేదు. అది లాఠీ చేతబట్టుకొని తరగతి గదిలోకి వచ్చింది.

1976 జూన్ 16 ఉదయం వేలాది విద్యార్థులు బడిదుస్తులతోనే బయలుదేరారు. అందరూ ఆర్లాండో క్రీడాంగణంలో సమావేశం కావాలని సంకల్పం. అంతమంది ఒక్కచోట కూర్చోగల స్థలం వారెరిగినంతలో అదే మరి! గమ్యం ఇంకా దూరముండగానే, ఆర్లాండో వెస్టు ఉన్నత పాఠశాల దాపున, విలకాజీ వీధిలో పోలీసులు అడ్డగించి కాల్పులు జరిపారు. హెక్టర్ పీటర్సన్ అనే 12 ఏళ్ల బాలుడు నేలకొరిగాడు. ఒక యువకుడు అతనిని చేతులపై ఎత్తుకొని పరుగెత్తగా, పక్కనే అక్క ఏడుస్తూ పరుగెత్తింది. ఛాయాగ్రాహకుడు శామ్ జీమా తీసిన ఆ చిత్రం లోకమంతటా అచ్చయింది. జూలై నెలలోనే ప్రభుత్వం ఆ భాషా నిబంధనను ఉపసంహరించుకున్నది. అప్పటికి ఎన్నో ప్రాణాలు పోయినవి.

విలకాజీ అనే పేరు ఎవరిదో చెప్పకుండా ముందుకు పోవడం భాష చెప్పేవారికి తగదు. బెనెడిక్ట్ విలకాజీ జూలూ కవి, నవలాకారుడు, నిఘంటుకర్త. 1946లో డాక్టరేటు పొందిన పండితుడు. దక్షిణాఫ్రికాలో ఆ పట్టం పొందిన తొలి నల్లజాతివాడు. తల్లిభాషను పాటకూ కసరత్తుకూ పరిమితం చేసిన ఉత్తరువును ధిక్కరించిన పిల్లల రక్తం ఆయన పేరిట ఉన్న వీధిలోనే చిందింది.

పాత క్రీడాంగణాన్ని పడగొట్టి, సుమారు 40,000 మందికి చాలేటట్లు కట్టి 2008లో తిరిగి తెరిచారు. ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగిన 2010లో ఒక చిత్రం జరిగింది. ప్రిటోరియాకు చెందిన బుల్స్ అనే రగ్బీ జట్టుకు సొంత మైదానం లేకుండా పోయింది. దానిని ప్రపంచ పోటీల కోసం అప్పగించవలసివచ్చింది. బుల్స్ అభిమానులలో ఎక్కువమంది ఆఫ్రికాన్స్ మాట్లాడే తెల్లవారు. సెమీఫైనల్, ఫైనల్ రెండూ ఆర్లాండోలో పెట్టారు. మే 29న బుల్స్ జట్టు 25–17తో కేప్‌టౌన్ జట్టును ఓడించింది. ఆ మే నెలలో నీలి చొక్కాలు తొడిగిన అభిమానులు విలకాజీ వీధిలో తిరుగుతూ, స్థానికుల పానశాలల ముంగిట వారితో కలిసి కూర్చున్నారు. వారిలో పలువురికి సొవేటోలో కాలు పెట్టడం అదే మొదటిసారి.