ఓర్చుకోమనే ముందు కాస్త వినండి

నూజివీడు ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలలంటే మామిడి పూతకాలం. తోటలు గుత్తకు తీసుకున్నవారికి కంటిమీద కునుకుండదు. సరిగ్గా అలాంటి రోజుల్లో మాకు తెలిసిన ఒక పెద్దమనిషి తోట ముఖం చూడటం మానేశారు. (ఆయనెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాం.) అంతకు నాలుగు నెలల ముందే ఆయన భార్య కన్నుమూశారు.

పుర్సాకు వెళ్లిన మేమంతా ఒకటే మాట చెప్పాం: "సబ్ర్ చేయండి భాయ్‌సాబ్." ఆయన తల ఊపేవారు. మేము టీ తాగి వచ్చేసేవాళ్లం. జియారత్ అయింది, చాలీస్వా అయింది, రాకపోకలు తగ్గాయి. ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నారనీ, తెల్లవార్లూ మేలుకునే ఉంటున్నారనీ, ఫజ్ర్ నమాజుకు మసీదుకు రావటం కూడా మానేశారనీ కొడుకు చెప్పేదాకా మాకు తెలియలేదు. ఈమాన్ బలహీనపడిందని చెవులు కొరుక్కున్నవారూ మనలో ఉన్నారు.

చివరకు కొడుకు ఆయన్ను విజయవాడలో ఒక కౌన్సెలర్ దగ్గరకు తీసుకువెళ్లాడు. మేమూ తోడు వెళ్లాం. ఆయన సరేనన్నాకే మమ్మల్ని లోపల కూర్చోనిచ్చారు. పెద్ద ఉపదేశమే ఉంటుందనుకున్నాం. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంట్లోవారి పేరేమిటండీ?" తరువాత, "ఆవకాయ ఏ కాయతో పెట్టేవారు?" ఆయన ముప్పావుగంట మాట్లాడారు. ఈ నాలుగు నెలల్లో ఆయన ముందు ఆమె పేరు మనమెవరమూ ఎత్తలేదని మాకు అప్పుడు తట్టింది. బాధపడతారని తప్పించుకున్నాం!

దుఃఖం జబ్బు కాదని ఆవిడ ముందే చెప్పారు. అది అలలా వస్తుంది, పోతుంది. మధ్యలో మనవడిని చూస్తే నవ్వూ వస్తుంది. కానీ రెండు వారాలకు మించి రోజంతా దిగులే ఉండి, నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి పోయి, తానెందుకూ పనికిరాననిపిస్తే అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు డాక్టరుకు చూపించాలి. డాక్టరు మందులు రాస్తే అవి పనిచేయటానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా ఆపకూడదు.

ఆ తరువాత ఆవిడ అడిగిన మాటకు మేము ఉలిక్కిపడ్డాం. "చనిపోవాలనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టదనీ, లోపలున్నది బయటికి వస్తుందనీ మానసిక వైద్యులు అంటారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అవునన్నారు. కొడుకును పిలిచి ఆవిడ చెప్పిన మొదటి పని, తోటకు కొట్టే పురుగుమందు డబ్బాలు ఇంట్లోనుంచి తీసేసి, వేరేచోట తాళం వేయమని. తోటలున్న ప్రతి ఇంట్లోనూ ఆ మందు చేతికందే దూరంలోనే ఉంటుంది కదా!

ఆయనకు మాత్రం చిన్న పని ఒప్పజెప్పారు. రోజూ పొద్దున్నే తోటకు వెళ్లి ఒక్క వరస చెట్లు చూసి రావాలి. బుద్ధి పుడితే కాదు, పుట్టకపోయినా. దిగులు తగ్గాక పనిలోకి దిగటం కాదు, పనిలోకి దిగితేనే దిగులు తగ్గుతుందన్నది ఈ పద్ధతి.

ఇది పరాయి విద్య అనుకునేవారికి ఒక మాట. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహానికీ మనసుకూ కలిపి ఒక వైద్యగ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా శరీరంలోనుంచి పుట్టే దిగులు వేరు అన్నారు. మొదటిదానికి మాటలు, ఆలోచనలు మందు. రెండోదానికి దేహానికీ చికిత్స కావాలన్నారు. ఇక కన్నీళ్ల సంగతంటారా, యూసుఫ్ (అ) కోసం ఏడ్చి యాఖూబ్ (అ) కళ్లు తెల్లబడ్డాయని ఖురానే చెబుతోంది. పసివాడు ఇబ్రాహీమ్ పోయినప్పుడు దైవప్రవక్త (స) కంటతడి పెట్టారు. హజ్రత్ ఖదీజా (రజి), అబూ తాలిబ్ పోయిన సంవత్సరానికి దుఃఖ సంవత్సరమనే పేరు నిలిచింది. మరి మన ఇళ్లలో ఏడ్చేవారిని అంత తొందరగా ఎందుకు ఊరుకోబెడతాం?

వైద్యం మన గడపలోకి రాగలదనీ తేలింది. 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అనే కార్యక్రమాన్ని పశ్చిమ గోదావరి జిల్లాలోనూ హర్యానాలోనూ 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో పరీక్షించారు. ఆశా కార్యకర్తలే ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగి, అవసరమైనవారిని కేంద్రంలోని డాక్టరు దగ్గరకు పంపారు. ఏడాది తరువాత చూస్తే ఆ ఊళ్లలో డిప్రెషన్ ఎక్కువ తగ్గింది. 2022లో నూజివీడు ఏలూరు జిల్లాలో చేరింది కాబట్టి ఆ పాత పశ్చిమ గోదావరి ఇప్పుడు మనకు ఇంటిపక్కదే.

ఇద్దత్‌లో ఉన్న సోదరీమణుల గురించి చాలామంది అడుగుతారు. నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు కదా అని. వైద్యం వంటి అవసరానికి బయటకు వెళ్లవచ్చని ఫిఖా పండితులు చెప్పారు. వెళ్లలేకపోతే ఫోను ఉండనే ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మా భాయ్‌సాబ్ ఇప్పుడు రెండు వరసలు నడుస్తున్నారు. మసీదుకు కొన్ని రోజులు వస్తారు, కొన్ని రోజులు రారు. మేము వెళ్లినప్పుడు సబ్ర్ మాట ఎత్తటం లేదు, ఆమె సంగతులే అడుగుతున్నాం. మొన్న చిన్నరసాల బుట్ట పంపారు. పురుగుమందు గది తాళంచెవి ఇంకా కొడుకు దగ్గరే ఉంది.