పచ్చ తివాచీకి పగ్గం వేయండి!

మామిడి చెట్టు కింద నేల ఎప్పుడూ బోసిగానే ఉంటుంది. ఆ నీడలో గడ్డి సరిగా ఎదగదు, పూలమొక్కలు పూయవు. నూజివీడు మామిడి సీమలోని రెడ్డిగూడెంలాంటి ఊళ్లలో పెరటి చెట్టుకైనా ఇదే తంతు. అందుకే చాలామంది నర్సరీ నుంచి వెడేలియా తెచ్చి నాటేస్తారు. నిగనిగలాడే ఆకులు, చిట్టి పొద్దుతిరుగుడులాంటి పసుపుపచ్చ పూలు... నీడలో పూలు తగ్గినా పచ్చదనానికి మాత్రం లోటుండదు.

చిక్కల్లా దాని దూకుడుతోనే! నేలను తాకిన ప్రతి కణుపు దగ్గరా వేళ్లు దిగుతాయి. తెగిపడిన చిన్న ముక్క చాలు, మరో మొక్క అయిపోతుంది. మధ్య అమెరికా, కరీబియన్ ప్రాంతాల నుంచి వచ్చిన ఈ తీగ, 2000లో విడుదలైన ప్రపంచంలోని వంద ప్రమాదకర చొరబాటు జీవుల జాబితాలోనూ ఉంది.

నీళ్లతోనే తంటా
మామిడి బాగా పూయాలంటే పూతకు ముందు రెండు మూడు నెలలు నేల ఎండాలి. అందుకే రైతులు వానలు వెనకబట్టాక తడులు ఆపేసి, పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్లీ పెడతారు. సరిగ్గా అప్పుడే మనం తీగ వాడిపోతోందని రోజూ నీళ్లు పోస్తే? చెట్టు పూతకు బదులు చిగురు వేస్తుంది! కాబట్టి ఆ నెలల్లో తీగ వాడినా సరే, పైపు పట్టకండి.

హద్దు దాటనివ్వొద్దు
మొదలు చుట్టూ కనీసం మూడడుగులు ఖాళీగా ఉంచండి. కాండం తొలిచే పురుగు రాల్చే పొట్టు కంటపడాలంటే ఆ చోటు శుభ్రంగా ఉండాలి. అంచున ఇటుకలు పాతి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి దాటిన కొసలు కత్తిరించండి. గుబురుగా పెరగనిస్తే పాములు దాక్కున్నా తెలియదు, రాలిన కాయలూ కనిపించవు.

తీసేయాలంటే...
తడి నేలలో వేళ్లతో సహా పెకలించండి. ఆ చెత్తను కాలువలో, పొరుగువారి గట్టు మీద పారేస్తే అక్కడా అల్లుకుంటుంది. పచ్చిగా ఎరువుగుంటలోనూ వేయొద్దు. సిమెంటు గచ్చు మీద పెళపెళలాడేదాకా ఎండబెట్టాలి. మిగిలిన వేళ్లు మళ్లీ చిగురిస్తాయి కాబట్టి కొన్ని నెలలు ఓ కన్నేసి ఉంచాలి. కలుపు మందు జోలికి మాత్రం వెళ్లకండి, అది చెట్టుకే చేటు కావచ్చు.

ఇంత కాపలా కాయలేమంటారా? రాలిన మామిడాకులనే పలచగా పరిచేయండి. తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, కుళ్లితే ఎరువూ అవుతుంది. పైగా పైసా ఖర్చు లేదు!