ఇంటిలోని ఆటపెట్టె, ఇంటర్నెట్ తీగె

పూర్వము రేడియో పలుకకపోయినచో ఇంటివారు మొట్టమొదట చేయు పని దాని నెత్తిపై ఒక చరుపు చరుచుట. ఒక్కొక్కప్పుడు ఆ చరుపుతో అది పలికెడిది కూడ. లోపల వదులైన తీగె యొకటి కదలి తిరిగి తన చోట కూర్చుండుటయే అందలి రహస్యము. ఇప్పుడు పిల్లలున్న పెక్కు ఇండ్లలో టెలివిజను ప్రక్కన మరియొక పెట్టె వచ్చి చేరినది. దానిని గేమ్ కన్సోల్ అందురు. మనము ఆటపెట్టె అనుకొందము. ఇంటర్నెట్ ద్వారా దూరముననున్న వారితో కలసి ఆడుట దాని ప్రధానాకర్షణ. ఆ సంబంధము తెగినప్పుడు మాత్రము చరుపు పనికిరాదు. కారణము తెలియక కొందరు ఇంటర్నెట్ ఇచ్చువారిని, కొందరు పెట్టెను, కొందరు పిల్లవానిని నిందింతురు.

నేను మూడవ తెగవాడను. మా అబ్బాయికి పదకొండేండ్లు. అమెరికాలో డల్లాసు నగరమునందున్న తన మేనత్త కొడుకుతో ఆదివారము ఉదయము ఆడుకొనుట వానికి అలవాటు. మనకు ఉదయమగునప్పటికి అక్కడ శనివారము రాత్రి. మూడేండ్లుగా ఒకరి ముఖ మొకరు ఎదురుగా చూడని బాలురకు ఆ గంటయే కలయిక. అట్టి ఆట నడుమ నడుమ తెగిపోవుచుండెను. ఓడిపోవు వేళ కావలెననియే తీగె పీకుచున్నాడని అవతలి బాలుడు అలిగెను. నేనును అట్లే అనుకొంటిని. “నాన్నా, తలుపు వేస్తేనే ఆట ఆగిపోతోంది” అని వాడు రెండు మూడు సార్లు చెప్పెను. తలుపునకును ఆటకును ఏమి సంబంధమని కసరితిని. ఆ మాటలో ఎంత నిజమున్నదో చివర చెప్పెదను. దానికి ముందు తీగె సంగతి కొంత తెలిసికొనవలెను.

వైఫై ఉండగా తీగె యెందుకని ఎవరైనను అడుగవచ్చును. వైఫై అనగా ఇంటిలోని చిన్న రేడియో కేంద్రమే. రూటరు పంపినదానిని ఆటపెట్టె అందుకొనును. ఆటపెట్టె పంపినదానిని రూటరు అందుకొనును. ఇందలి బాధలు రేడియో శ్రోతలకు కొత్తవి కావు. ఒకే మీటరుపై రెండు కేంద్రములు వినవచ్చినచో ఏ మాటయు స్పష్టముగా తెలియదు గదా! వైఫై వాడు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతముననే ప్రక్కింటివారి వైఫై, బ్లూటూత్ పరికరములు, వంటయింటి మైక్రోవేవ్ పొయ్యి కూడ సందడి చేయుచుండును. 5 గిగాహెర్ట్జ్ ప్రాంతము కొంత ప్రశాంతమైనదే గాని, గోడలు దాటునప్పటికి అది త్వరగా నీరసించును.

సినిమా చూచునప్పుడు ఈ ఆటంకములు అంతగా తెలియవు. యంత్రము కొన్ని క్షణముల బొమ్మను ముందుగనే తెచ్చి నిలువ చేసికొనును. ఆటకు ఆ వెసులుబాటు లేదు. పిల్లవాడు ఏ బొత్తాము నొక్కునో ముందుగా ఎవరికి తెలియును? నొక్కిన వెంటనే ఆ సమాచారము అవతలికి పోవలెను. అవతలి సమాచారము ఇవతలికి రావలెను. అందుచేత ఆటకు పెద్ద ప్రవాహముకంటె ఎడతెగని సన్నని ధార ముఖ్యము. ఆ నిలకడ తీగె వలన లభించును.

ఈ తీగె ఏర్పాటునకు ఈథర్నెట్ అని పేరు. దీనికి రేడియోతో దగ్గరి చుట్టరికము కలదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ బృందమువారు దీవులలోని కంప్యూటరు పరికరములను రేడియో తరంగములతో కలిపిరి. దానిని అలోహానెట్ అనిరి. ఒకేసారి ఇద్దరు పంపినచో సందేశములు ఢీకొని చెడిపోవును. అప్పుడు ఎవరికి వారు కొంతసేపు ఆగి మరల పంపవలెను. 1973లో రాబర్ట్ మెట్కాఫ్ కాలిఫోర్నియా రాష్ట్రమున పాలో ఆల్టోలోని జిరాక్స్ పరిశోధనశాలలో పనిచేయుచు, ఈ పద్ధతిని మెరుగుపరచి తీగెపైకి తెచ్చెను. వెలుతురును మోయుచున్నదని పూర్వపు శాస్త్రజ్ఞులు ఊహించిన ఈథర్ అను పదార్థము పేరునే దానికి పెట్టెను. మన భాషలో ఆ ఊహకు దగ్గరి మాట ఆకాశము. నేటి ఏర్పాటులో రాకపోకలు రెండును ఏకకాలమున సాగును గనుక ఆ ఢీకొనుట కూడ లేదు.

అంగడిలో లాన్ కేబుల్ అని అడిగినచో ఇచ్చునది ఈ తీగెయే. పైతొడుగు లోపల ఎనిమిది సన్నని రాగి తీగెలు నాలుగు జంటలుగా మెలివేసి యుండును. మెలిక అలంకారము కొరకు కాదు. బయటి విద్యుత్తు రొద జంటలోని రెండు తీగెలపైనను ఇంచుమించు సమానముగా పడును. అందుకొను యంత్రము ఆ రెండింటి నడుమ భేదమునే గ్రహించును గనుక రొద కొట్టివేయబడును. అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే టెలిఫోను కొరకు ఈ ఉపాయమునకు పేటెంటు పొందెను. కేబులుపై క్యాట్ 5ఇ అనియో క్యాట్ 6 అనియో ముద్రించి యుండును. ఇంటి అవసరమునకు ఏదైనను చాలును. 100 మీటర్ల పొడవు వరకు అది నమ్మకముగా పనిచేయును.

సెకండుకు 100 మెగాబిట్ల వేగమునకు ఎనిమిదింటిలో నాలుగు తీగెలే చాలును. 1, 2, 3, 6 సంఖ్యలవి. 1000 మెగాబిట్లకు ఎనిమిదియు కావలెను. తక్కిన నాలుగింటిలో ఒకటి తెగినచో కొన్ని యంత్రములు వేగము తగ్గించుకొని 100తో సరిపెట్టుకొనును. కొన్ని అసలు కలియవు. మీరు అంతకంటె ఎక్కువ వేగమునకు చందా కట్టుచున్నను పరీక్షలో ఎప్పుడును 100 లోపే చూపుచున్నచో మొదట కేబులును అనుమానింపవలెను.

2001లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్‌లోనే ఈ తీగెకు పోర్టు ఉండెను. ప్లేస్టేషన్ 3, 4, 5 పెట్టెలకు వెనుకవైపున ఉన్నది. 2017 నాటి నింటెండో స్విచ్‌కు లేదు. యుఎస్‌బి పోర్టునకు తగిలించు అడాప్టరును వేరుగా కొనవలెను. 2021లో వచ్చిన ఓఎల్ఈడీ తెరగల స్విచ్ డాక్‌లో మాత్రము పోర్టును చేర్చిరి.

ఇక లోపమును వెదకుట. దీనికి ఒకటే సూత్రము: దగ్గరి మెట్టు నుండి ప్రారంభించి, ఒకసారి ఒక్కదానినే మార్చవలెను. ఒకేసారి రెండు మార్చినచో రోగమేదో, మందేదో తెలియదు.

మొదటి మెట్టు దీపము. రూటరుపై కేబులు దూర్చిన పోర్టు వద్ద చిన్న దీపము వెలుగవలెను. వెలుగనిచో ఇంటర్నెట్ ఇచ్చువారితో ఇంకను పని లేదు. లోపము మీ గదిలోనే యున్నది. ప్లగ్గు టిక్కుమని చప్పుడగువరకు లోనికి పోయినదా? దాని ప్లాస్టిక్ నాలుక విరుగలేదు గదా? నాలుక విరిగిన ప్లగ్గు చూచుటకు కూర్చున్నట్లే యుండి, కదిపినంతనే జారును. కేబులు లాన్ అని వ్రాసిన పోర్టులోనే యున్నదా? వ్యాన్ అని వ్రాసినది బయటినుండి వచ్చు తీగెకు ఉద్దేశించినది. ఇవి సరిగానున్నచో వేరొక పోర్టునందు, ఆ తరువాత వేరొక కేబులుతో ప్రయత్నింపవలెను.

రెండవ మెట్టు పెట్టెకు చెప్పుట. కొన్ని ఆటపెట్టెలు కేబులు తగిలింపగనే తామే గ్రహించును. కొన్నింటిలో సెట్టింగులలో నెట్‌వర్క్ భాగమునకు పోయి, వైఫై కాదు, లాన్ కేబుల్ అని మనము నిర్ణయింపవలెను. కేబులు తగిలించియు నెలల తరబడి వైఫైతోనే ఆడుచున్న ఇండ్లు లేకపోలేదు.

మూడవ మెట్టు చిరునామా. సత్రము గుమాస్తా వచ్చినవారికి గది సంఖ్య ఇచ్చినట్లు, రూటరు ప్రతి పరికరమునకు ఒక ఐపీ చిరునామా ఇచ్చును. సాధారణముగా అది 192.168 అని మొదలగును. 169.254 అని మొదలగు చిరునామా కనబడినచో రూటరు పలుకనందున యంత్రము తానే ఒక సంఖ్య పెట్టుకొన్నదని అర్థము. చిరునామాను ఎవరైన చేతితో వ్రాసి పెట్టినచో దానిని ఆటోమేటిక్ అనుదానికి మార్చవలెను. పిమ్మట అన్నింటిని ఆపి, ఇంటర్నెట్ తెచ్చు పెట్టెను మొదట, దాని దీపములు కుదురుకొన్న తరువాత రూటరును, కడపట ఆటపెట్టెను వెలిగింపవలెను. రెండును ఒకే పెట్టెలో నున్న ఇండ్లలో పని ఇంకను సులభము.

నాల్గవ మెట్టు పేరు. యంత్రములు సంఖ్యలతో మాటాడుకొనును. మనము పేర్లతో పిలుతుము. పేరునకు సంఖ్యను చూచి చెప్పు ఏర్పాటును డీఎన్ఎస్ అందురు. 1983లో పాల్ మొకాపెట్రిస్ దానిని రూపొందించెను. టెలిఫోను డైరెక్టరీ చినిగినచో టెలిఫోను చెడినట్లు కాదు గదా! చిరునామా లభించియు డీఎన్ఎస్ లోపమని తెరపై వచ్చినచో, ఆ సెట్టింగునందు గూగుల్ వారి 8.8.8.8 గాని, క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1 గాని వ్రాసి చూడవచ్చును.

ఐదవ మెట్టు కొంత చిక్కైనది. ఆట నడచును, స్నేహితుని గొంతు వినబడదు. లేదా అతని ఆటలో చేరుటకు వీలుపడదు. దీనికి తరచు న్యాట్ అనునది కారణము. పాత పద్ధతి ఐపీ చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. అవి చాలనందున ఇంటిలోని పరికరములన్నియు ఒకే బయటి చిరునామాను పంచుకొనును. కొన్ని సంస్థలు పెక్కు ఇండ్లకు ఒకదానినే పంచును. లోపలివారు బయటికి పోవచ్చును గాని, బయటివారు తమంతట తాము వచ్చి తలుపు తట్టుటకు వీలుండదు. రూటరునందు యూపీఎన్‌పీ అను సదుపాయము నడచుచున్నదా యని చూడవలెను. పంపకము సంస్థవారి వద్దనే జరుగుచున్నచో మన రూటరును ఎంత సవరించినను లాభములేదు. పబ్లిక్ ఐపీ గాని, కొత్త పద్ధతియగు ఐపీవీ6 గాని ఇత్తురేమో వారినే అడుగవలెను. ఎవరో చెప్పిరని రూటరు ద్వారములన్నియు తెరచి పెట్టుట ఇంటికి గొళ్ళెము తీసి నిదురించుట వంటిది. ఏది మార్చినను ముందున్న విలువను కాగితముపై వ్రాసికొనుట మంచిది.

మరియొక జాగ్రత్త. ఇంటికప్పుపై ఏరియల్ కట్టుకొన్న కాలమున ఉరుము వినబడగనే దానిని ఎర్తుకు కలుపుచుండిరి. ఆ అలవాటును పూర్తిగా మరువరాదు. గాజు తంతువుగల ఫైబరు కేబులు పిడుగుపాటు విద్యుత్తును లోనికి తేదు. మిద్దెలమీదుగా, స్తంభములమీదుగా రాగి లాన్ కేబులు వచ్చు ఇండ్లలో మాత్రము ఉరుములు మొదలు కాకముందే దానిని ఊడదీయుట మేలు. ఉరుముచుండగా తీగెను ముట్టరాదు.

తీగెతో సాధ్యపడనిదియు కలదు. హైదరాబాదునకును డల్లాసునకును దూరము 14,000 కిలోమీటర్లకు పైమాట. గాజు తంతువులో వెలుతురు సెకండుకు ఇంచుమించు 2 లక్షల కిలోమీటర్లు పోవును. తిన్నని దారియే యున్నను పోయి వచ్చుటకు సెకండులో ఏడవ వంతు పట్టును; నిజమైన దారి వంకరలతో ఇంకను హెచ్చు. ఎంత ఖరీదైన కేబులు కొన్నను ఈ ఆలస్యము తగ్గదు. ఇంటిలోని కుదుపును పోగొట్టుటయే తీగె చేయగల ఉపకారము.

ఇప్పుడు మా తలుపు సంగతి. ఒక ఆదివారము దీపమును పరీక్షింపదలచి అబ్బాయిని రూటరు వద్ద నిలిపి, నేను గదిలోనికి పోయి తలుపు వేసితిని. “పోయింది” అని కేక వేసెను. తెరచితిని. “వచ్చింది” అనెను. మరల వేసి చూచితిని, మరల పోయినది. కేబులును గడప మీదుగా తలుపు క్రిందనుండి తెచ్చినవాడను నేనే. ఏండ్ల తరబడి తలుపు చెక్క రాచుకొని తొడుగు అరగి, లోపల ఒక తీగె తెగి, దాని కొనలు అంటీ అంటనట్లు నిలిచినవి. తలుపు వేసినప్పుడు విడిపోవును, తెరచినప్పుడు కలియును. వాడు చెప్పినదానిలో ఒక్క మాటయు తప్పు లేదు. పరీక్ష చేయుటకు బదులు నేను తీర్పు చెప్పితిని.

కొత్త కేబులు తెచ్చి, ద్వారబంధము పైనుండి గోడవెంట త్రిప్పి, మేకులు బిగియకుండ క్లిప్పులతో ఆనించితిమి. డల్లాసు బాలునకు జరిగినది నేనే ఫోనులో చెప్పితిని. ఆనాడు మావాడు తలుపు వేసికొనియే ఆడెను. ఓడిపోయెను గాని, ఆట కడవరకు సాగెను.