తాళంచెవి ఎవరి జేబులో ఉండాలి?

స్విచ్చి కట్టేశాం. దీపం ఆరిపోయింది. ఇక ఆ తీగలో విద్యుత్తు లేదని చెప్పవచ్చునా? "ఓ, చెప్పవచ్చు" అంటారు మీలో చాలామంది. పెద్ద పరిశోధనశాలలలో పనిచేసే నిపుణులు మాత్రం ఈ జవాబును ఒప్పుకోరు. ఎందుకో చూద్దాం.

దీపం ఆరడానికి కారణాలు అనేకం. బల్బు మాడిపోయి ఉండవచ్చు. స్విచ్చిని ఫేజు తీగకు బదులు న్యూట్రల్ తీగలో కలిపి ఉండవచ్చు. అప్పుడు దీపం ఆరుతుంది గాని, హోల్డరులో 230 వోల్టులు అలాగే ఉంటాయి. ఇవేవీ కాకపోయినా, మనం పనిలో ఉండగా సంగతి తెలియని మరొకరు వచ్చి స్విచ్చి వేయవచ్చు!

2004లో జరిగిన ప్రమాదం

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 'స్లాక్' అనే ప్రసిద్ధ పరిశోధనశాల ఉంది. అక్కడ సుమారు 3 కిలోమీటర్ల పొడవైన యంత్రంలో ఎలక్ట్రాన్లకు వేగం కల్పిస్తారు. 2004 అక్టోబరు 11న అక్కడ ఎలక్ట్రీషియన్ ఒకరు 480 వోల్టుల ప్యానెలులో సర్క్యూట్ బ్రేకరు బిగిస్తున్నారు. ప్యానెలుకు విద్యుత్తు ఆపలేదు. ఒక్కసారిగా విద్యుత్ చాపం లేచింది. అటువంటి చాపంలోని ఉష్ణోగ్రత సూర్యుని ఉపరితలం కన్నా ఎక్కువగా ఉండగలదు. ఆ మనిషికి తీవ్రమైన కాలిన గాయాలయ్యాయి. యాక్సిలరేటర్ల పని కొన్ని నెలలపాటు నిలిచిపోయింది.

అణువుల రహస్యాలు తెలిసిన చోట కూడా ఇలా జరిగిందంటే, లోపం విజ్ఞానంలో లేదు. పని మొదలుపెట్టే పద్ధతిలో ఉంది.

తాళమూ, చీటీ

ఆ పద్ధతి పేరు 'లాకౌట్-ట్యాగౌట్'. కార్మిక వార్తలలో వినే లాకౌట్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ తాళం వేసేది స్విచ్చికి. అమెరికాలో 1989లో దీనిపై ప్రత్యేక నిబంధనలు వెలువడ్డాయి.

పద్ధతి ఇది. యంత్రానికి శక్తి ఎక్కడెక్కడి నుంచి వస్తుందో ముందుగా కాగితంపై రాసుకోవాలి. అందరికీ తెలియజేసి యంత్రాన్ని ఆపాలి. స్విచ్చిని 'ఆఫ్'లో ఉంచి తాళం వేయాలి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు వేశారో తెలిపే చీటీ కట్టాలి. చీటీ ఒక్కటే చాలదా? చాలదు. చీటీ హెచ్చరిస్తుంది గాని చేతిని ఆపలేదు.

నలుగురు పనిచేస్తుంటే? ఆరు చిల్లులున్న ఒక కొండీని స్విచ్చికి తగిలిస్తారు. ఒక్కొక్కరు ఒక్కొక్క చిల్లుకు తమ తాళం వేసుకుంటారు. ఎవరి తాళంచెవి వారి జేబులోనే. నాలుగో మనిషి కూడా బయటికి వచ్చి తన తాళం తీస్తేనే యంత్రం కదులుతుంది. అంటే ఏ ఒక్కరి ప్రాణమూ మరొకరి జ్ఞాపకశక్తిపై ఆధారపడదన్నమాట.

దాగి ఉన్న శక్తి

తాళం వేసినా పని పూర్తికాలేదు. లోపల నిలువ ఉన్న శక్తి మాటేమిటి? 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను 10,000 వోల్టులకు ఆవేశపరిచామనుకోండి. ½CV² సూత్రం ప్రకారం అందులోని శక్తి 5,000 జౌళ్ళు. 50 కిలోల బస్తాను 10 మీటర్ల ఎత్తుకు ఎత్తితే వచ్చే స్థితిజశక్తి ఇంచుమించు ఇంతే. స్విచ్చి కట్టినంత మాత్రాన ఇది పోదు. దానిని నిరోధకం గుండా భూమికి పంపాలి. ఒకసారి పంపినా, పలకల మధ్యనున్న పదార్థం కారణంగా కొంత వోల్టేజి మళ్ళీ పుట్టుకొస్తుంది! అందుకే పని ముగిసేదాకా రెండు కొసలనూ తీగతో కలిపి ఉంచుతారు.

సాగిన స్ప్రింగు, బిగించిన గాలి, పైకెత్తిన బరువు కూడా ఇటువంటివే. 1 లీటరు ద్రవ నైట్రోజన్ ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. మూసిన గొట్టంలో చిక్కుకుంటే గొట్టం పగిలిపోతుంది. పరిశోధనశాలలో ఒకే పరికరానికి ఇవన్నీ ఉండవచ్చు. పైగా ఎన్నో పరికరాలను అక్కడే తయారుచేసుకుంటారు. కాబట్టి ప్రతి పరికరానికీ విడిగా పద్ధతి రాసిపెట్టుకోవాలి.

చివరి మెట్టు: రుజువు

ఇప్పుడు టెస్టరుతో పరీక్షించాలి. దీపం వెలగలేదు. విద్యుత్తు లేదా, టెస్టరే పాడైందా? అందుకే ముందు విద్యుత్తు ఉన్నచోట, తరువాత పనిచేయవలసిన చోట, మళ్ళీ విద్యుత్తు ఉన్నచోట పరీక్షిస్తారు. మూడు పరీక్షలూ సరిపోతేనే తీగపై చేయి వేస్తారు. శాస్త్రీయ దృక్పథమంటే ఇదే కదా!

మన ఊళ్ళలో లైను బాగుచేసేవారు సబ్‌స్టేషన్ నుంచి 'ఎల్.సి.' తీసుకోవడం మీరు వినే ఉంటారు. లైన్ క్లియర్ అనే ఆ అనుమతి, ఆపైన తీగలను భూమికి కలపడం కూడా ఈ సూత్రం మీద ఆధారపడినవే.

ఆలోచించండి: ఇంట్లో మెయిన్ స్విచ్చి కట్టేశారు. కాని ఇన్వర్టరు ఉంది. తీగలన్నీ సురక్షితమేనా? మంట ఆర్పిన ప్రెషర్ కుక్కర్‌లో మిగిలి ఉన్న శక్తి ఏది? తీగలనూ, మూతనూ ముట్టుకోకుండా, కాగితంపైనే జవాబులు రాసి మీ ఉపాధ్యాయునికి చూపండి.