రెండు కార్యాలయముల నడుమ దారి తప్పు టెలిఫోను పిలుపులు

ధాన్యము తూచి యిచ్చి పైకము చేరని రైతు పట్టణమందలి కార్యాలయమునకు టెలిఫోను చేయును. "ఆ లెక్క మా రెండవ కార్యాలయమున నున్నది, కలిపెదము, ఉండుడు" అని యందురు. గంట కొంతసేపు మ్రోగును. పిదప మొదట పలికిన గుమాస్తాయే మరల పలుకును. లేదా లైను తెగిపోవును. తన్ను కావలెననియే త్రిప్పుచున్నారని రైతు తలంచును. పెక్కుమారులు అట్లు త్రిప్పునది మనుష్యుడు గాక యంత్రమని మన సభ్యులు తెలిసికొనవలయును. ఆ యంత్రము తప్పు త్రోవ పట్టు విధమును, దానిని సరిచేయు విధమును ఇచ్చట వివరించుచున్నాము.

హైదరాబాదు నగరమున అబిడ్సు, నాంపల్లి యనునవి ఇరుగుపొరుగు పేటలు. అబిడ్సులోని పెద్ద తపాలా కార్యాలయమునుండి నాంపల్లి రైలు స్టేషనునకు నడచియే పోవచ్చును. ఈ రెండు పేటలయందును కార్యాలయములు గల యొక సంస్థ యున్నదనుకొందము. ఒక్కొక్క కార్యాలయమునకు ఒక చిన్న సొంత ఎక్స్ఛేంజి యుండును. అబిడ్సులోని బల్లలకు 201 మొదలు 240 వరకును, నాంపల్లిలోని బల్లలకు 301 మొదలు 340 వరకును లోపలి నంబర్లు. రెండు ఎక్స్ఛేంజీలను కలుపుటకు నాలుగు లైన్లు. ఊరి టెలిఫోను లైన్లు మాత్రము అబిడ్సుననే యున్నవి.

ఎక్స్ఛేంజికి బుద్ధి లేదు; పట్టిక యున్నది. మనము నొక్కిన అంకెలను ఆ పట్టికతో పోల్చి, 3తో మొదలగువానిని నాంపల్లికి, 0తో మొదలగువానిని ఊరి లైనునకు పంపును. మనుష్యుల చేతినుండి ఈ పనిని తప్పించి యంత్రమునకు అప్పగించుటకై 1891లో పేటెంటు పొందిన స్ట్రౌజరు అను అమెరికా దేశీయుడు శవసంస్కార సామగ్రి వ్యాపారి. ఎక్స్ఛేంజిలో కూర్చున్నవారు తన బేరములను పోటీదారునకు కలుపుచున్నారను అనుమానముతోనే ఆ యంత్రమును కనిపెట్టెనని యందురు. యంత్రమునకు పక్షపాతము లేదన్నది నిజమే గాని, పట్టికను వ్రాయువాడు మనుష్యుడే గదా!

మొదట చెప్పిన రైతు సంగతి చూతము. నాంపల్లి గుమాస్తా సెలవుపై పోవుచు తన టెలిఫోనును అబిడ్సులోని తొలి బల్లకు మళ్లించి పోవును. ఆ బల్లవారు రైతును నాంపల్లికి కలుపుదురు. మళ్లింపు వలన పిలుపు మరల వారియొద్దకే వచ్చును. అచ్చట లోపము యంత్రమున లేదు, మళ్లింపును తీసివేసిన చాలును. దీనికంటె చెడ్డది మరియొకటి కలదు. "నాకు తెలియని నంబరును అవతలికి పంపుము" అని రెండు పట్టికలయందును వ్రాసియుండుట. ఎవరైన 350 అను లేని నంబరును నొక్కిరనుకొందము. అబిడ్సు దానిని నాంపల్లికి పంపును, నాంపల్లి అబిడ్సునకు త్రిప్పును, అబిడ్సు మరల నాంపల్లికి పంపును. ఒకరి నీటిని ఒకరి పొలములోనికి తోయు ఇద్దరు నీరటులవలె నాలుగు లైన్లును ఒక్క పిలుపుతోనే నిండిపోవును. మాటలాడువారు లేకయే అందరికిని "బిజీ" వినబడును. ఇంటర్నెట్టుపై నడచు క్రొత్త పద్ధతిలో ప్రతి పిలుపునకు ఒక లెక్క కట్టబడి, సామాన్యముగా 70తో మొదలై, మజిలీకి ఒకటి చొప్పున తగ్గి, సున్న కాగానే పిలుపు ఆగిపోవును. కాని కొన్ని ఎక్స్ఛేంజీలు తమకు వచ్చిన పిలుపును క్రొత్తదిగా నెంచి లెక్కను మొదటినుండి ప్రారంభించును. కనుక దానిని నమ్మి యూరకుండరాదు.

ఇక రైతునకు మిక్కిలి నష్టము కలిగించునది సున్న తగవు. 2021 జనవరి 15 మొదలు మన దేశమున స్థిర టెలిఫోనునుండి సెల్లునకు చేయునపుడు పది అంకెలకు ముందు 0 చేర్చవలసియున్నది. ఊరి లైను కొరకు నొక్కు 0 వేరు, ఈ 0 వేరు. నాంపల్లి పట్టిక ఒక సున్నను, అబిడ్సు పట్టిక మరియొక సున్నను తీసివేసినచో నంబరు సున్న లేకయే బయటికి పోవును, పిలుపు సాగదు. దీనిని సరిచేయబోయి రెండు పట్టికలయందును "సున్న చేర్చుము" అని వ్రాసిరా, నంబరునకు ముందు రెండు సున్నలు పడును. రెండు సున్నలు పరదేశపు పిలుపునకు గుర్తు. అపుడు 98తో మొదలగు మన రైతు నంబరు ఇరాను దేశపు నంబరుగాను, 94తో మొదలగునది సింహళపు నంబరుగాను ఎంచబడును! పరదేశపు పిలుపులు కట్టివేయబడిన లైనైనచో త్రోసివేయబడును. ఇట్లు "మేము పలుమారులు పిలిచితిమి, రైతు దొరకలేదు" అని కార్యాలయమువారును, "నాకు ఒక్క పిలుపైన రాలేదు" అని రైతును చెప్పుట జరుగును. ఇద్దరును నిజమే పలికినవారు. బయటికి పోవు లైన్లు అబిడ్సుననే యున్నవి గావున, సున్నను చేర్చుట, తీయుట అబిడ్సు పట్టికలోనే జరుగవలెను. నాంపల్లి వచ్చిన అంకెలను ముట్టక యథాతథముగా అందింపవలెను.

గంట మ్రోగి, ఒకరి మాట మాత్రమే వినబడుట వేరు జబ్బు. ఇంటర్నెట్టు పద్ధతిలో పిలుపు ఒక త్రోవను, మాట మరియొక త్రోవను పోవును. రెండవ త్రోవలో తలుపు మూసియున్నదని గ్రహింపవలెను. పట్టికను దిద్దుట వలన ఇది పోదు.

పరీక్షకు వరుస కలదు. ముందు 201నుండి 202నకు, 301నుండి 302నకు చేసి, ఏ యింటిది ఆ యింట సరిగా నున్నదో చూడవలెను. పిదప 201నుండి 301నకు, తిరిగి 301నుండి 201నకు చేయవలెను. పోవు త్రోవ బాగున్నంతమాత్రమున వచ్చు త్రోవ బాగున్నదనుకొనరాదు. ఒక్కొక్కదానికి వేరు పట్టిక. బయటి పిలుపులు కడపట. ప్రతి పరీక్షయందును ఒక వైపునుండి పంపిన అంకెలను, రెండవ వైపున అందిన అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసికొన్నచో లోపము అచ్చటనే కనబడును. రెండు యంత్రముల గడియారములు ఒకే వేళను చూపకున్నచో ఈ పోల్పు కుదరదు. పాత పట్టికకు నకలు వ్రాసియుంచుకొని, మార్పునకు మార్పునకు నడుమ పరీక్ష చేయవలెను. ఇవి చేయకమునుపే "యంత్రము పాతది, క్రొత్తది కొనుడు" అను మెకానిక్కు మాటకు సంఘపు ధనమును వెచ్చించుట మాకు సమ్మతము కాదు. అది సభ్యుల వాటా ధనము.

గ్రామమందలి సభ్యుడును దీనికి తోడ్పడవచ్చును. "ఫోను పలుకలేదు" అని మాత్రము చెప్పక, చేసిన వేళను, నొక్కిన నంబరును, ఎవరు ఎవరికి కలిపినదియు, తనకు వినబడినది గంటయో, బిజీయో, ప్రకటనయో, నిశ్శబ్దమో ఒక కాగితమున వ్రాసి సంఘ కార్యదర్శికి ఇయ్యవలెను.