బావి మీది రాయి

యాకోబు తూర్పు దేశం చేరినప్పుడు పొలంలో ఒక బావి కనిపించింది. దాని మూతి మీద పెద్ద రాయి ఉంది. మూడు మందలు అప్పటికే వచ్చి పక్కనే పడుకొని ఉన్నాయి. ఇంకా చాలా పొద్దుంది గదా, నీళ్లు పెట్టి మేపుకోరాదా అని యాకోబు అడిగాడు. మందలన్నీ పోగయ్యేదాకా రాయి దొర్లించబోమని కాపరులు చెప్పారు (ఆదికాండము 29). నీళ్ల పక్కనే ఉండి, ఇంకా రాని మంద కోసం ఎదురుచూడటం! రాహేలు కోసం ఈ అధ్యాయం చదివే మనం ఈ కాపరుల దగ్గర ఆగం.

కృష్ణా డెల్టావారికి ఆ రాయి కొత్త కాదు. విజయవాడలోని ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నాయి. సముద్రంలా కనిపించినా అందులో నిలిచేది సుమారు 3 టీఎంసీలే. బచావత్ ట్రిబ్యునల్ డెల్టాకు కేటాయించింది 181.2 టీఎంసీలు. అంటే అది నీళ్లు దాచే చోటు కాదు, కాలువలకు మళ్లించే చోటు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట పనీ అదే. ఎగువ నుంచి వచ్చేది తగ్గితే ఇక మిగిలేది వంతే. 2002, 2003లలో ఆ కష్టం వచ్చింది. తర్వాత 2013లో పులిచింతలలో నిల్వ మొదలైంది, 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు వచ్చాయి. ఊరట కలిగింది గాని, వంతు అక్కర తీరలేదు.

ఆ కరువు రోజుల్లో దివిసీమలోని ఒక శివారు గ్రామంలో వాన కోసం ఉపవాస ప్రార్థన పెడితే మేమూ వెళ్లాం. ప్రార్థన అయ్యాక ఒక పెద్దాయన దగ్గరకొచ్చి, "అయ్యగారూ, వాన దేవుడిస్తాడు. మా వంతు రాత్రి పైన ఆయిలింజన్లు వేసేది మాత్రం మనవాళ్లే. ఆ సంఘానికి వెళ్లినప్పుడు ఆ మాట కూడా చెప్తారా?" అన్నాడు.

మేము చెప్పలేదు. ఇంజన్లు వేసేవారిలో ఒకరు మాకు తెలుసు. అక్కడి మందిరం పైకప్పుకు అందరికంటే ఎక్కువ ఇచ్చింది ఆయనే. ఆ ఆదివారం ఏలీయా ప్రార్థనకు వాన కురిసిన సంగతి బోధించాం. అందరూ ఆమేన్ అన్నారు. శివారులో ఆ పెద్దాయన నారుమడి ఎండిపోయింది.

మరుసటి ఏడు యెహెజ్కేలు 34వ అధ్యాయం తీశాం. తేటనీరు తాగి, మిగిలినదాన్ని కాళ్లతో కలకచేసే బలిసిన గొర్రెలను దేవుడు అక్కడ నిలదీస్తాడు. మాట వణికిందని ఒప్పుకోవాలి. కూటం అయ్యాక ఆ పైకప్పు దాత ఆగి, "నా చేనూ ఎండుతోంది అయ్యగారూ. నాకూ అప్పులున్నాయి" అన్నాడు. అదీ నిజమే. కరువులో దొంగ, సొత్తు పోయినవాడు అని మనుషుల్ని తేలిగ్గా విడదీయలేం. అయినా వంతు వంతే.

పట్నంలో ఉన్న మేమేమీ మేలు కాదు. విజయవాడ తాగేదీ ఆ కృష్ణ నీళ్లే. ఒక ఎండాకాలం ఆరాధన జరుగుతుండగా మందిరం మీది ట్యాంకు పొంగి పొర్లుతుంటే, ప్రసంగం మధ్యలో లేవడం మర్యాద కాదని ఎవరం కదలలేదు.

వంతులు చూసుకోడానికి 1997 చట్టంతో ఏర్పడిన నీటి సంఘాలున్నాయి. కానీ రాత్రిపూట లాకుల దగ్గర ఉండేది ఒక్క లస్కరే. అందుకని ఆ రెండు ఊళ్ల విశ్వాసులు, శివారు వంతు రాత్రి పైవాళ్లు ఇద్దరు, కిందివాళ్లు ఇద్దరు కలిసి గట్టు మీద కూర్చోవాలని అనుకున్నారు. మొదటి రాత్రి పైఊరి నుంచి ఒక్కరే వచ్చారు, టార్చిలైటు పట్టుకొని. ఆ పైకప్పు దాతే.