చెవిలో దూది

కంప్రెసర్ అనగానే మన మెకానికల్ వాళ్లకి గాలి కొట్టే మిషన్ గుర్తొస్తుంది. నేను చెప్పేది శబ్దానిది. పాట మరీ పెద్దగా అయినచోట తగ్గించి, చిన్నదానికీ పెద్దదానికీ మధ్య తేడాను కుదించే పెట్టె. గాజులరామారంలో చిత్తారమ్మ జాతర రోజుల్లో మా నానమ్మ పాడే అమ్మవారి పాటల్ని రికార్డు చేద్దామని ఒకటి తయారు చేశా. ఆ పాటలు మా ఇంట్లో ఆమెకు తప్ప ఇంకెవరికీ పూర్తిగా రావు. ఆయాసం వల్ల రెండోసారి పాడమని అడగలేం కూడా.

ఈ పెట్టెలో రెండు దారులుంటాయి. ఒకటి పాట వెళ్లేది. రెండోది సైడ్‌చైన్, అంటే పాట ఎంత పెద్దగా ఉందో వినే చెవి. చెవి చెప్పినట్టు చెయ్యి వాల్యూమ్ తిప్పుతుంది. నా పెట్టెలో చెయ్యి అంటే ఒక ఎల్‌డీఆర్. పాట 10 కిలోఓమ్ రెసిస్టర్ గుండా వస్తుంది, అక్కణ్ణుంచి గ్రౌండ్‌కి ఎల్‌డీఆర్. దాని ఎదురుగా ఎల్ఈడీ పెట్టి రెండింటినీ నల్ల స్లీవ్‌లో మూసేశా. శబ్దం పెరిగితే సైడ్‌చైన్‌లోని టీఎల్072, డయోడ్లు కలిసి ఎల్ఈడీని వెలిగిస్తాయి. వెలుగు పడగానే ఎల్‌డీఆర్ రెసిస్టెన్స్ తగ్గి సిగ్నల్‌లో కొంత గ్రౌండ్‌లోకి పోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో తిరిగితే అన్ని పార్టులూ దొరుకుతాయి.

చిక్కు ఏంటంటే మైకు ఒకటే. పక్కనే చిన్నాయన డోలక్. పెద్దవైపు 'ధుమ్' అన్నప్పుడల్లా చెవి ఉలిక్కిపడి మొత్తాన్నీ తగ్గించేస్తుంది, నానమ్మ గొంతుతో సహా. ఎల్‌డీఆర్ మళ్లీ తేరుకోవడానికి టైం పడుతుంది కాబట్టి దెబ్బ అయిపోయాక కూడా రెండు మూడు అక్షరాలు మునిగిపోతాయి. తాళం మీద పడే మాటే కదా పాటలో గట్టి మాట. ముందు పోయేది అదే.

సైడ్‌చైన్ ఫిల్టర్ పని ఇక్కడే. చెవికి వెళ్లే దారిలో మాత్రమే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని తర్వాత గ్రౌండ్‌కి 15 కిలోఓమ్ రెసిస్టర్. లెక్కేస్తే కటాఫ్ 106 హెర్ట్జ్. 500 హెర్ట్జ్ శబ్దం 98 శాతం చెవికి చేరుతుంది, 50 హెర్ట్జ్‌ది 43 శాతమే. చాలకపోతే బఫర్ పెట్టి ఇంకో జత వేయండి, 50 దగ్గర 18 శాతానికి పడిపోతుంది. ఆడగొంతు సుమారు 200 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది కాబట్టి దానికి పెద్ద నష్టం లేదు.

'హైపాస్ పెడితే డోలక్ బేస్ పోదా?' అని మన ఈసీఈ వాళ్లే అడుగుతారు. పోదు. దూది పెట్టింది చెవిలో, పాట దారిలో కాదు. నిజానికి డోలక్ ఇంకా బలంగా వినిపిస్తుంది, ఇప్పుడు దాన్ని ఆపేవాళ్లు లేరుగా! అందుకే రికార్డర్ లెవెల్ కాస్త తగ్గించి పెట్టుకోవాలి, లేదంటే దెబ్బ క్లిప్ అవుతుంది. కరెంటు హమ్ సంగతీ అంతే. మన లైన్ 50 హెర్ట్జ్. చెవికి తక్కువ తెలుస్తుంది, రికార్డింగులో మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని గ్రౌండింగ్‌తోనే వదిలించుకోవాలి.

నమ్మకం కుదరకపోతే, మూసేసిన ఎల్ఈడీకి సిరీస్‌లో ఇంకోటి బయటికి కనపడేలా పెట్టండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో ఒకే లెవెల్‌లో 50, 500 స్పీకర్ నుంచి కాకుండా వైరుతో నేరుగా పెట్టెకి ఇచ్చి చూడండి. 50కి అది బాగా మసకబారుతుంది.

ఫిల్టర్ కటాఫ్‌ని ఇంకా పైకి జరిపి, చెవికి పై శబ్దాలే ఎక్కువ వినిపించేలా చేయొచ్చు. 1960ల నాటి టెలిట్రానిక్స్ ఎల్ఏ-2ఏలో అలాంటి సర్దుబాటు ఉంది. కోసుకుపోయే స, శ, ష లను తగ్గించే డీ-ఎస్సర్ కూడా ఈ కిటుకు మీదే నడుస్తుంది. చిన్నాయన పాడితే అది కావాలేమో గానీ, నానమ్మకు ముందు పళ్లు లేవు, ఆమె 'స' మెత్తగానే వస్తుంది.